ఎర్రమట్టి కాళ్ళు

కూర్మనాథం మాస్టారిని ఏదైనా అడిగితే ముందు టీ తాగుదామంటారు. శిష్యురాలు హైమవతికి ఆ టీ అంటే హడలు. గ్లాసు ఖాళీ అయ్యేలోగా ప్రశ్న తిరిగొచ్చి తన మెడకే చుట్టుకుంటుంది. అయినా ఆ మధ్యాహ్నం, కొండమీది టెలిస్కోపుకు వెళుతూ, కారులో అడిగేసింది.

ఆమె గీస్తున్నది నక్షత్రాలు పుట్టే ఒక మేఘంలోని అయస్కాంత క్షేత్రపు పటం. ఆ క్షేత్రం కంటికి కనబడదు. మేఘంలోని ధూళి రేణువులు మాత్రం దాని మాట విని వరసలో నిలబడతాయి. అవతలి నక్షత్రాల పరారుణ కాంతి ఆ ధూళిలోంచి దూరి వచ్చేసరికి దాని కంపనం ఒక దిక్కుకు ఒరుగుతుంది. ఆ దిక్కున, నక్షత్రానికొకటి చొప్పున, పటం మీద ఒక చిన్న గీత. మూడేళ్ళ పనిలో బాగా వెలిగే నక్షత్రాల గీతలన్నీ తూర్పు పడమరలుగా ముచ్చటగా కుదిరాయి. నలభై మూడు మసక నక్షత్రాలు మాత్రం వాటికి అడ్డం తిరిగాయి. ఈసారి టెలిస్కోపు దక్కింది రెండు రాత్రులకే. పటం తేలకపోతే థీసిస్ లేదు.

"ఆ నలభై మూడూ తీసెయ్యనా మాస్టారూ? గట్టిగా చెప్పేవాటిని నమ్మాలా, నసిగేవాటినా?"

"టీ తాగుదాం," అన్నారాయన, కొండ మొదట్లో పాక దగ్గర కారు ఆపించి.

పైనంతా పొగమంచు. పాకలో కూర్చున్న తెల్లబూట్ల జీపాయన అడక్కుండానే గొంతెత్తాడు. "ఎల్లిపోండి మాస్టారూ! పొద్దున్నించీ ఇక్కడే ఉన్నాను. చూడండి, రోడ్డు అద్దంలా లేదూ!"

హైమవతి లేవబోయింది. మాస్టారు తాపీగా మరో టీ చెప్పారు. ఆమెకు ఒళ్ళు మండింది.

కాసేపటికి మంచులోంచి ఒక ముసలామె సీతాఫలాల గంపతో దిగివచ్చింది. మాస్టారు లేచి, గంప దించడానికి చెయ్యి వేసి, దారి ఎలా ఉందని అడిగారు. ఆమె ఆయాసపడుతూ, వినబడీ వినబడనట్టు చెప్పింది. "ఎల్లొద్దు బాబూ. ఏడో మలుపు కాడ బండ జారిపడ్డాది. పాత దారంట తిరిగెల్లండి."

మాస్టారు పాత దారి పట్టించారు. పదిమైళ్ళ చుట్టు. హైమవతి ఉండబట్టలేకపోయింది.

"అంత నసిగితే ఎలా నమ్మేశారు?"

"ఆవిడ కాళ్ళు చూశావా?"

పాకలోనే చూసింది. మోకాళ్ళదాకా ఎర్రమట్టి. హైమవతి లాప్‌టాప్ తెరిచి, ఒక్కో నక్షత్రం రంగూ వరసగా చూసుకుంటూ పోయింది. నలభై మూడూ ధూళిని దాటి వచ్చి ఎర్రబారినవే. బాగా వెలిగేవాటిలో ఒక్కదానికీ ఆ ఎరుపు లేదు. అవన్నీ మేఘానికి ఇవతలే ఉన్నాయి; వాటి గీతలు చెప్పేది మేఘం దాకా దారిలో ఉన్న పల్చటి ధూళి సంగతే. మేఘంలో అడుగైనా పెట్టనివాటి మాట మీద మూడేళ్ళు పటం గీసినందుకు ఆమెకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కంటనీరు మాత్రం రానివ్వలేదు.

"మళ్ళీ మొదట్నుంచీ గీస్తాను మాస్టారూ. రెండు రాత్రులూ ఈ నలభై మూడింటికే. ఆ వెలిగేవాటిని తీసి పారేస్తాను."

"పారెయ్యకు," అన్నారు మాస్టారు. "కొండ కింది సంగతి జీపాయన నిజమే చెప్పాడు."