ఊ కొట్టించిన పుస్తకం

అనగనగా ఒక ఊళ్ళో ఓబులక్క అని గొర్రెలకాపరి ఇల్లాలు ఉండేది. ఊళ్ళో అన్నానే గానీ, ఉండేది ఆర్నెల్లే. బీళ్ళు ఎండిపోయాయంటే మొగుడు బీరప్పా, కూతురు సుంకీ, ఒక గాడిదా, నూరు గొర్రెలూ, అందరూ కలిసి పచ్చిక వెతుక్కుంటూ కొండల దారి పట్టేవాళ్ళు. ఊ కొడుతున్నావా? కొట్టాలి మరి. నువ్వు ఊ అంటేనే ఈ కథ నడిచేది.

ఇలా తిరిగే పిల్లకి బడెక్కడ? అందుకని ఓబులక్కే పంతులమ్మ అయింది. తను అయిదు దాకా చదివింది కదా, బండల మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించింది. సుంకికి అక్షరాలన్నీ వచ్చాయి. పుస్తకం చూపిస్తే మాత్రం మొహం తిప్పేసుకునేది.

అప్పుడు బీరప్ప అన్నాడు. "చూడు ఓబులక్కా, వానలు పడి మనం ఎనక్కొచ్చేలోగా పాప ఒక కథ కడదాకా చదవల్ల. లేదంటే మా అక్కకాడ పెట్టి బడిలో ఏస్తా."

ఆయన చెడ్డవాడేం కాదమ్మా, పిల్ల తనలా వేలిముద్ర వేయకూడదని ఆయన బెంగ. కానీ పిల్లని విడిచి ఆర్నెల్లు! ఓబులక్క అడ్డంగా తలూపింది. "నా పక్కన పెట్టుకునే చదివిస్తా" అంది గట్టిగా.

"సరే. అయితే ఒక్క పుస్తకమే. గాడిద మీద గొర్రెపిల్లల గంపలో అంతకంటే చోటు లేదు" అన్నాడు.

బయలుదేరడానికి ఇంకా మూడు సంతలున్నాయి. సంతలో ఖాదర్ సాయిబు గోనెపట్టా పరిచి పాత పుస్తకాలు అమ్మేవాడు. మొదటి సంతలో ఓబులక్క రంగురంగుల బొమ్మలున్న కథల పుస్తకం తెచ్చింది. చదివి వినిపిస్తుంటే సుంకి బొమ్మలోని నెమలి ఈకలు లెక్కపెడుతూ కూర్చుంది. ఊ కొట్టడమే మరిచిపోయింది.

ఆ తర్వాత సంతలో అది మార్చి, బంగారు అక్షరాల అట్ట ఉన్నది తెచ్చింది. అందులో పేజీకో బుద్ధి. అల్లరి చేయకూడదు, ఎదురు చెప్పకూడదు. మాట పూర్తికాకముందే సుంకి "ఊ, ఊ, ఊ" అనేసింది. అది వినే ఊ కాదు తల్లీ, తొందరగా కానిమ్మనే ఊ. కన్నతల్లికి తెలియదూ?

అప్పుడు మూడో సంత వచ్చింది. తెల్లారితే ప్రయాణం. ఓబులక్క పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళి గోనెపట్టా మీద చతికిలబడింది. ఒక్కో పుస్తకంలో మొదటి పేజీ చదవడం, చెవి రిక్కించి సుంకి ఊ వినడం, పక్కన పెట్టేయడం. పొద్దు వాలింది.

"ఇంక మూట కట్టేస్తానక్కా" అన్నాడు సాయిబు.

"ఇంకొక్కటి సాయిబూ."

"ఆ మాట ఇప్పటికి నాలుగుసార్లన్నావు."

మిగిలింది ఆయన అన్నం క్యారియరు కింద పెట్టుకున్న పుస్తకం ఒక్కటే, అట్టంతా పులుసు మరకలు. ఓబులక్క దాన్నే లాగి చదివింది. ఒక గొర్రెపిల్ల పుట్టలోకి దూరిపోయిందట. దాన్ని వెతుక్కుంటూ ఒక ఆడపిల్ల కూడా దూరిందట. "ఊ" అంది సుంకి. తర్వాత ఊపిరి బిగబట్టింది. తర్వాత "ఆ తర్వాత?" అంది.

"ఇదే!" అంది ఓబులక్క. సాయిబుకి చెంబెడు జున్నుపాలు పోసి, పుస్తకం చంకన పెట్టుకుని వచ్చేసింది.

ఇంక దారిలో రోజూ మధ్యాహ్నం గొర్రెలు పడుకున్న వేళ తల్లి చదవడం, పిల్ల ఊ కొట్టడం. నెల గడిచాక ఓబులక్కకి ఉన్నట్టుండి వెలిగింది. అయ్యో, చదివేది నేనే కదా! వినడం వచ్చింది గానీ పిల్లకి చదువెక్కడొచ్చింది?

ఆ రోజు అదే పుస్తకంలో ఇంకో కథ మొదలుపెట్టింది. కథలో రాజుగారి తోటలో ఒక పిల్ల బావిలోకి తొంగిచూసిన చోట టక్కున పుస్తకం మూసేసింది. "ఇక్కణ్ణించి నువ్వు చదువు. ఊ నేను కొడతా."

మొదటిరోజు సుంకి ఏడ్చింది. రెండోరోజు తండ్రి దగ్గరికి పోయి "బాయిలో ఏముంది నాయనా?" అనడిగింది. "నాకేం తెల్సు పాపా, నాకు సదువొస్తేగా!" అన్నాడాయన దిగులుగా. ఓబులక్కకి ప్రాణం ఉసూరుమంది, అయినా పుస్తకం తెరవలేదు. మూడోరోజు సుంకి తనే పుస్తకం తీసింది. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. ఓబులక్క ఒక్క మాట అందించలేదు. ఊ మాత్రం కొట్టింది.

ఆ తర్వాత వానలొచ్చాయి. తిరుగుదారిలో ఒక కొండచరియ కింద ఆగారు. బీరప్ప గొంగడి ముసుగేసుకుని పడుకుని, "ఏదీ, చదువు పాపా" అన్నాడు.

సుంకి కొత్త కథ తీసి సగం దాకా గడగడా చదివింది. అప్పుడొక పెద్ద మాట అడ్డమొచ్చింది. ఆగిపోయింది. ఆ మాట ఓబులక్క నాలుక చివరే ఉంది. పెదవి కొరుక్కుంది గానీ చెప్పలేదు.

అప్పుడు గొంగడి లోపల్నించి వినిపించింది. "ఊ."

సుంకి ఆ మాటని రెండు ముక్కలు చేసి పలికింది. తర్వాత కథ కడదాకా చదివింది. గొంగడి లోపల్నించి ఊ మీద ఊ వస్తూనే ఉంది. అయిపోయాక బీరప్ప ముసుగు తీశాడు, కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇంగోటి చదువు పాపా" అన్నాడు.

పిల్లని అక్క దగ్గర పెడతానన్న ఊసు మళ్ళీ ఎత్తలేదు. మరుసటేడు గంపలోంచి తన చేత్తో ఒక చట్టి తీసేసి, రెండో పుస్తకానికి చోటు చేశాడు.

ఏదమ్మా, నీ ఊ ఏదీ? నిద్దరొచ్చిందా బంగారూ? సరేలే.

గొర్రెలేమో దొడ్డికి, గాడిదేమో గడ్డికి,
కథేమో కంచికి, కళ్ళేమో నిద్దరకి.