పొలిమేర రాయి దాటి వచ్చిన సాలెవీధి

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెట్టాక ఆ రాజ్యం పేరు చెప్పడం మర్యాద. నా చదువంతా శనగల పొట్లాలు కట్టిన కాగితాల మీద సాగింది. ఆ పేరున్న ముక్క ఎవరి పొట్లంలో పోయిందో నాకు దొరకలేదు. రాజుగారి పేరు మాత్రం దొరికింది. ఉద్దండరాయలు.

ఉద్దండరాయలుకు రథమంటే ప్రాణం. రోజూ సూర్యోదయం కాగానే నాలుగు గుర్రాల రథమెక్కి, రాజధానిలోని సాలెవీధిని ఈ చివర నుంచి ఆ చివరకు దౌడు తీయించేవాడు. ఊళ్లో మిగతా వీధులన్నీ వంకరటింకరగా పోతాయి. సాలెవీధి ఒక్కటే గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది.

"మా తాతగారు రథం కోసమే వేయించారు" అని ఆయన అందరికీ చెప్పేవాడు. అందరూ ఔనౌననేవారు.

ఆ వీధిలో అరవై మగ్గాలున్నాయి. పడుగు, అంటే బట్టలో నిలువుగా ఉండే దారాలు, మగ్గమెక్కే ముందు గంజి పెట్టాలి. దారాలను వీధి పొడుగునా చాచి, వెదురు బద్దల మీద నిలబెట్టి, ఇటొకరు అటొకరు నడుస్తూ కుంచెతో గంజి దువ్వుతారు. అది లేత ఎండలోనే ఆరాలి. ఎండ ముదిరితే దారం పెళుసెక్కుతుంది. అందుకని సూర్యోదయానికే పని మొదలవుతుంది.

చూడ్డానికి సుళువే. నేనూ ఒకసారి కుంచె పట్టాను. కాసేపటికి నేనూ దారాలూ ఒకటే చిక్కు పడ్డాం. ఎవర్ని కోసి ఎవర్ని దక్కించుకోవాలా అని వాళ్లు చాలాసేపు ఆలోచించారు. దారాల వైపే మొగ్గారని తర్వాత తెలిసింది.

సరే, నా సంగతి వదిలేద్దాం. రథచక్రాల చప్పుడు వినబడగానే వీధివాళ్లంతా తడి పడుగును ఎత్తి గోడవారకు జరిపి, దానికి వీపులు అడ్డం పెట్టి నిలబడేవారు. ఎంత నిలబడినా దుమ్ము ఆగుతుందా? తడి గంజి మీద పడేది. దుమ్ము పట్టిన దారం మగ్గం మీద పుటుక్కున తెగేది. ముడి మీద ముడి వేసి నేసిన చీర ఎవరు కట్టుకుంటారు? ఏడాది తిరిగేసరికి ఇరవై మగ్గాలు ఆగిపోయాయి.

సాలెవీధి పెద్ద భావన్న మొర చెప్పుకోవడానికి కోటకు వెళ్లాడు. ఊరివాళ్ల మొరలు పౌర్ణమినాడే వింటారని కాపలావాడు చెప్పాడు. పౌర్ణమినాడు వెళ్తే, రాజుగారు రథాల పందేనికి వెళ్లారన్నాడు. అలా ఏడు పౌర్ణములు గడిచాయి.

ఇంతలో బయటి ఊళ్ల పనివాళ్లను రప్పించి రాజధానిని పెంచాలని రాజుగారికి ఒక ఆలోచన వచ్చింది. ఊళ్లో దండోరా వేయించాడు.

"రాజధాని పొలిమేర రాయి దాటి లోపలికి వచ్చి ఇక్కడ వృత్తి పెట్టుకునేవారికి పల్లకీ, పూలదండ. కొలువులో రాజుగారు స్వయంగా 'మీకేం కావాలి' అని అడుగుతారు. వాళ్లు కోరిన మొదటి కోరిక రాజముద్ర వేసి తీరుస్తారు, హో."

రెండు నెలలు గడిచాయి. పల్లకీకి సాలెపురుగు గూడు పెట్టింది గానీ మనిషి రాలేదు.

కొలువుకు వచ్చినవాళ్ల పేరూ ఊరూ గట్టిగా చదివే ఉద్యోగం ఓబన్నది. చదవడానికి పేర్లు లేక అతని గొంతు తుప్పు పడుతోంది. ఒక సాయంత్రం ఉత్తరీయం కొందామని సాలెవీధికి వెళ్తే, ఇంటింటి ముందూ బండి నిలబడి ఉంది. మగ్గాలు గుంటల్లోంచి పైకి వచ్చేశాయి.

"ఏం భావన్నా, పెళ్లికి తరలుతున్నారా?"

"పెళ్లా, పేరంటమా. పక్క రాజ్యానికి పోతున్నాం ఓబన్నా. రేపు తెల్లారగానే."

భావన్న భార్య భద్రమ్మ గంజికుండ కడుగుతూ తల కూడా ఎత్తలేదు. "పుట్టి బుద్ధెరిగాక ఈ వీధి వదిలి పడుకున్నది లేదు. వదలబుద్ధి కావట్లేదయ్యా. కానీ ముడులు వేసి వేసి నా వేళ్లు చూడు, గోళ్లన్నా మిగల్లేదు" అంది.

ఓబన్న ఆ వేళ్లు చూశాడు. బండ్లు చూశాడు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"సరే, వెళ్లండి. నేను వద్దనను. పొలిమేర రాయి దాటండి. దాటి, సద్ది తినండి. చేతులు కడుక్కుని, బండ్లు ఇటు తిప్పుకుని రండి."

"తిప్పుకుని వస్తే?"

"పల్లకీ ఎదురొస్తుంది."

భావన్నకు విషయం అందేసరికి కొంత సేపు పట్టింది. అందాక భయం పట్టింది. "వేషాలు కట్టాలా? మా గడ్డాలు, మా భాష..."

"ఏ వేషమూ అక్కర్లేదు. ఆయన మిమ్మల్ని ఏనాడైనా చూస్తేగదా గుర్తుపట్టడానికి. ఒక్కటే గుర్తుపెట్టుకోండి. ఒక్క కోరికే. ఏం కోరాలో నాకంటే మీకే బాగా తెలుసు."

మర్నాడు అంతా ఓబన్న చెప్పినట్టే జరిగింది. అరవై కుటుంబాలు బండ్లతో ఊళ్లోకి రావడం చూసి కోట బురుజు మీద బాకా ఊదారు. ఉద్దండరాయలు సింహాసనం మీద కుదురుగా కూర్చోలేకపోయాడు.

పల్లకీలోంచి భావన్న దిగాడు. దిగాడు అనడం కంటే జారాడు అనాలి. కాళ్లు ఎటు పెట్టుకోవాలో తెలియక దారంతా మడిచి పట్టుకుని కూర్చున్నాడు పాపం.

ఓబన్న గొంతు సవరించుకున్నాడు. "ఈ ఉదయం పొలిమేర రాయి దాటి, మన నగరంలో వృత్తి పెట్టుకోవడానికి వచ్చిన అరవై నేత కుటుంబాలవారు."

కొలువులో సగం మంది ఒంటి మీదున్నది భావన్న వాళ్లు నేసిన బట్టే. అందరూ గుర్తుపట్టారు. కానీ రాజుగారు సంతోషంగా ఉన్నప్పుడు నిజం చెప్పే అలవాటు ఆ కొలువులో ఎవరికీ లేదు.

రాజుగారు వాళ్ల నేత చూసి మురిసిపోయాడు. "ఇదీ నేతంటే. మా ఊళ్లోనూ ఉన్నారు సాలెవాళ్లు, ఎందుకు? రోజూ పొద్దున్నే రథమ్మీద వెళ్తూ చూస్తాను. వీధి వీధంతా గోడకు వీపు ఆనించి నిలబడి ఉంటారు. పనీ లేదు, పాటా లేదు. సూర్యోదయం వేళ అలా ఎలా నిలబడతారో."

భద్రమ్మ ఏదో అనబోయింది. ఓబన్న దగ్గాడు. ఆవిడ ఆగింది.

"చెప్పండి, మీకేం కావాలి?" అన్నాడు రాజుగారు. వాళ్లు అగ్రహారమో, ఏనుగులో అడుగుతారనుకుని మంత్రితో ముందే మంతనాలు చేసి ఉంచాడు.

భావన్న ఏడు పౌర్ణములు దాచుకున్న మాట తీరా నోటిదాకా వచ్చి బయటికి రాలేదు. చివరకు భద్రమ్మ ముందుకొచ్చింది.

"ఒక తిన్నని వీధి కావాలి ప్రభూ. పొద్దు పొడిచినప్పటి నుంచి జాము పొద్దెక్కేదాకా అందులోకి బండీ రథమూ రాకూడదు. అంతే."

"అంతేనా?"

"అంతే ప్రభూ."

రాజుగారు మంత్రి వంక చూశాడు. ఇంత చవకగా తేలుతుందని ఇద్దరూ అనుకోలేదు. తర్వాత ఆయన ముఖం కొంచెం మారింది. "తిన్నని వీధి మా ఊళ్లో ఒక్కటే ఉంది. నేను రథం తోలేది అక్కడే." కాసేపు మీసం దువ్వుకున్నాడు. "పోనీలే. మాట ఇచ్చాం. రేపటి నుంచి పొద్దున పూట ఆ వీధిలోకి నా రథం కూడా రాదు. రాజముద్ర వేయండి. మరి ఇప్పుడక్కడున్న సోమరులో?"

"వాళ్లు ఈ తెల్లవారుజామునే ఖాళీ చేసి వెళ్లిపోయారు ప్రభూ" అన్నాడు ఓబన్న.

"చూశారా, నిలకడలేని మనుషులు." రాజుగారు ముద్ర వేసిన పత్రం భావన్న చేతిలో పెట్టి, "ఓబన్నా, వీళ్లు ఊరికి కొత్త. వీధి చూపించు" అన్నాడు.

"దారి మాకు తెలుసు ప్రభూ" అంది భద్రమ్మ. "పొద్దున కల్లాపి చల్లే వచ్చాం. ఇంకా ఆరి కూడా ఉండదు."

రాజుగారి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. భావన్న మాత్రం పత్రాన్ని మెల్లగా పంచె మడతలోకి దోపుకున్నాడు.

"ఓబన్నా," అన్నాడు రాజుగారు, గొంతు తగ్గించి. "నువ్వు నాకు అబద్ధం చదివావా?"

"ఈ ఉదయం పొలిమేర రాయి దాటి వచ్చారని చదివాను ప్రభూ. అందులో అక్షరం అబద్ధం లేదు. అవతల ఎంతసేపున్నారని దండోరాలోనూ లేదు, తమరూ అడగలేదు."

"ఎంతసేపున్నారు?"

"సద్ది తిన్నంతసేపు."

"నాతో ఆటలా?"

"ఆట కాదు ప్రభూ. వాళ్లు బండ్లు తిప్పకపోయి ఉంటే ఈపాటికి పక్క రాజ్యం పొలిమేర రాయి దగ్గర ఉండేవారు. ఆ రాజుగారికీ పల్లకీ ఉంది."

రాజుగారు భద్రమ్మ వైపు తిరిగాడు. "ఇంత చిన్న కోరిక ముందే నాకు చెప్పి ఉండవచ్చు గదా?"

"ఏడు పౌర్ణములు చెప్పడానికి వచ్చాం ప్రభూ. అదీగాక రోజూ పొద్దున కనబడేవాళ్లం. మీ రథం దుమ్ము తడి పడుగు మీద పడకుండా, గోడవారన వీపులు అడ్డం పెట్టి."

ఉద్దండరాయలు మీసం మీద నుంచి చెయ్యి తీసేశాడు. రోజూ చూసిన ఆ గోడ, ఆ వీపులు కళ్ల ముందుకు వచ్చి ఉంటాయి.

అప్పుడు భావన్నకు మాట వచ్చింది. "ఆ వీధి మా ముత్తాతలు పడుగు చాచి, దాని వెంబడి గీసుకున్నది ప్రభూ. అందుకే తిన్నగా ఉంది. మీ తాతగారు రథం తిప్పుకుంటానని అడిగితే మధ్యాహ్నాలు ఇచ్చాం. ఆయన మధ్యాహ్నాలే వచ్చేవారు."

"మా తాతగారు అడిగారా?" అన్నాడు రాజుగారు.

"అడిగారు ప్రభూ. చెప్పులు విప్పి మరీ."

రాజుగారు సింహాసనం చేతులు పట్టుకున్నాడు. మంత్రి ఒక అడుగు వెనక్కి వేశాడు. రాజుగారి భుజాలు కదిలాయి, కడుపు కదిలింది, తర్వాత నవ్వు బయటికొచ్చింది. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, "సద్ది తిన్నంతసేపా, ఓబన్నా?" అని మళ్లీ అడిగి మళ్లీ నవ్వాడు. తన చేతి కడియం తీసి ఓబన్నకు తొడిగాడు.

"ఆ పల్లకీ కూడా నీదే" అన్నాడు. "పొలిమేర దగ్గర కాపు కాయడం చాలు. దాన్ని ఊళ్లోకి తిప్పు. ప్రతి వృత్తివాడి గుమ్మం ముందూ ఆగి మీకేం కావాలని అడిగి రా."

ఓబన్న తిరిగాడు. కుమ్మరివాళ్లు వాగులోంచి మట్టి తెచ్చుకునే దారిలో ముళ్లకంప కొట్టించమన్నారు. గానుగవాళ్లు ఎడ్లకు కొంచెం నీడ అడిగారు. అగ్రహారాలు, ఏనుగులు ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రమే అరవై మగ్గాలూ మళ్లీ గుంటల్లో దిగాయి. మర్నాడు పొద్దున వీధి పొడుగునా పడుగు చాచారు. రథచక్రాల చప్పుడు లేదు. అయినా అలవాటుకొద్దీ మాటిమాటికీ వీధి చివరికి చూసుకుంటూ కుంచెలు దువ్వుతున్నారు.

ఆ చివర నుంచి ఒకాయన నడుచుకుంటూ వచ్చాడు. ఒంటరిగా, చెప్పులు చేత్తో పట్టుకుని. ఎక్కడ నిలబడినా ఎవరి కుంచెకో అడ్డమవుతున్నాడు. చివరకు గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"కాస్త అటు జరగండి ప్రభూ, పడుగు మీద నీడ పడుతోంది" అంది భద్రమ్మ.

ఆయన జరిగాడు.

పక్క రాజ్యం నుంచి బట్టలు కొనడానికి వచ్చిన వర్తకుడొకడు ఇది చూసి ఓబన్నను అడిగాడు. "అందరూ ఇంత పనిలో ఉంటే, గోడకు ఆనుకుని నిలబడ్డ ఆ సోమరి ఎవరయ్యా?"

పేర్లు చదవడమే కదా ఓబన్న ఉద్యోగం. గొంతు సవరించుకున్నాడు. కానీ అతను నోరు తెరిచేలోపు ఉద్దండరాయలే జవాబు చెప్పాడు.

"నేనీ వీధికి కొత్తయ్యా. ఇవాళే వచ్చాను" అని, దారాలు అదరకుండా చేత్తో నోరు మూసుకుని నవ్వాడు.