సువర్చల ఇంకా చెప్పలేదు

హైదరాబాదులో ఒక వార్తల ఛానల్లో లహరి అనే యాంకర్ ఉండేది. ఏ వార్తయినా అందరికంటే ముందు తానే చెప్పాలన్న తొందర తప్ప ఆమెకు వేరే లోపమేమీ లేదు.

లహరికి వార్తలు చదవడం నేర్పింది సువర్చల. ఆవిడ జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, పూర్తిగా నెరిసేదాకా అదే ఛానల్లో కూర్చుంది. ఎక్కడ ప్రమాదం జరిగినా అక్కడికి తానే ఫోన్ చేసి కనుక్కునేది. సంగతి తేలకపోతే, "ఇంకా తెలియలేదు" అని తెర మీదే చెప్పేసేది. ఆ నెమ్మది చూసి లహరికి ఒళ్ళు మండిపోయేది. "ఈవిడ దగ్గర ఉంటే నేనూ ముసలిదాన్నైపోతాను" అనుకుని ఇంకో ఛానల్‌కు వెళ్ళిపోయింది. అక్కడ ఆమె వేగానికి అందరూ బ్రహ్మరథం పట్టారు.

ఒక వానాకాలం సాయంత్రం పొంగుతున్న వాగులో బస్సు కొట్టుకుపోయింది. ప్రయాణికులందరూ ఎలాగో గట్టెక్కారు. డ్రైవర్ ఐలయ్య మాత్రం కనిపించలేదు. ఊళ్ళోంచి ఎవరో ఫోన్ చేసి, "ఇంకెక్కడి ఐలయ్య! పోయినట్టే" అన్నారు. అంతే, లహరి ఆలస్యం చెయ్యలేదు.

"డ్రైవర్ ఐలయ్య మృతి!" అని అందరికంటే ముందు చదివేసింది.

స్టూడియోలో చప్పట్లు మోగాయి. పక్కన ఉన్న టీవీలో సువర్చల చెబుతోంది: "ఐలయ్య ఆచూకీ ఇంకా తెలియలేదు. వెతుకుతున్నారు. తెలిసిన వెంటనే నేనే చెబుతాను." లహరి పకపకా నవ్వింది.

తెల్లవారేసరికి వాగు మధ్య తుమ్మచెట్టును కరుచుకుని ఐలయ్య ప్రాణాలతో దొరికాడు! ఆ మాట కూడా ముందుగా చెప్పాలని ఛానల్ వాళ్ళు లహరినే అతని ఇంటికి పంపారు. ఐలయ్య భార్య రేణుక ఆమెకు చాయ్ ఇచ్చింది కానీ ముఖం వైపు చూడలేదు. ఐలయ్య తల్లి బుచ్చవ్వ మాత్రం ఆమెను ఇట్టే గుర్తుపట్టింది.

"నా కొడుకు సచ్చిండని చెప్పింది నువ్వే గద బిడ్డా?"

లహరి చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

"నీ మాట ఇని నా కోడలు బొట్టు తుడుసుకోబోయింది. నేనే చెయ్యి పట్టుకున్న. చుట్టాలు ఏడ్సుకుంట వస్తే కసిరిన. సువర్చలమ్మ ఇంకా చెప్పలే, ఆమె చెప్పేదాంక నా కొడుకు బతికున్నట్టే అన్న. రాత్రంత ఆమె మొకమే జూసుకుంట కూసున్నం."

"ఆవిడ మీకు తెలుసా అమ్మా?" అని లహరి మెల్లగా అడిగింది.

"యాడ తెలుసు? ఎన్నడు కండ్లజూడలే. గని నా కొడుకు చిన్నగున్నప్పటి సంది ఆమె వార్తలే ఇంటున్న. తెల్వంది తెల్వదనే చెప్తది."

లహరి నిలువెల్లా కదిలిపోయింది. ఈ గడప ఎన్నడూ తొక్కని మనిషి, ఈ ఇంటివాళ్ళ ముఖాలైనా ఎరగని మనిషి, రాత్రంతా వీళ్ళ ఆశను నిలబెట్టింది! ఇలాంటి ఇళ్ళు ఇంకెన్ని ఆవిడ మాట కోసం కూర్చున్నాయో తలుచుకుంటే ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచింది. తాను నవ్విన నవ్వు గుర్తొచ్చి సిగ్గుతో తల వంచుకుంది. బయటికొచ్చి సువర్చలకు ఫోన్ చేసింది.

"మేడమ్, అన్ని ఛానళ్ళూ చెప్పేస్తుంటే మీరెలా ఆగగలిగారు?"

"తప్పిపోయినవాడి అమ్మ కూడా వింటూ ఉంటుంది కదమ్మా" అంది సువర్చల.

లహరి మళ్ళీ లోపలికి వెళ్ళి రేణుక ముందు చేతులు జోడించింది. ఆ సాయంత్రం తెర మీద, "నిన్న నేను తెలుసుకోకుండా చెప్పాను. తప్పు నాదే" అంది. ఆనాటి నుంచి, తేలని సంగతి ఆమె నోటివెంట రాలేదు. జనం తనను నమ్మడానికి మాత్రం ఆమెకు చాలా ఏళ్ళు పట్టింది.

నీతి: తెలియనిదాన్ని తెలియదని చెప్పే ధైర్యం ఉన్నవారి మాటనే లోకం నమ్ముతుంది.