విబూది తడవని నుదురు

అనగా అనగా, మబ్బు దారి తప్పి కూడా రాని రాతికొండల నడుమ అగ్గికోట అని ఒక రాజ్యం ఉండేదట. దానికి చండభూపాలుడు రాజు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఏటా రోహిణి కార్తెలో, సూర్యుడు నడినెత్తికి వచ్చిన వేళ, కోట కాపలాకు ఒక కొత్త వీరుణ్ణి ఎంచేవారు. పేరిచ్చిన కుర్రాళ్ళు కోట గోడ చుట్టూ మూడు చుట్లు పరుగెత్తాలి. మూడో చుట్టు ముగిసి రాజు తలపాగా చుట్టేదాకా గొంతులో నీటిబొట్టు పడకూడదు. అంతవరకూ సాము నేర్పే గరిడీ గురువు తప్ప వాళ్ళను ఎవరూ తాకకూడదు. తాకితే, తాకిన చెయ్యి నరికేస్తారు.

గెలుపు ముందొచ్చినవాడిది కాదు. చుట్టు చుట్టుకీ గరిడీ గురువు రుద్రప్ప ప్రతివాడి నుదుటా చిటికెడు విబూది అద్దేవాడు. చెమటకు అది కరిగి కారిందా, "పచ్చికుండరా వీడు! పో, పోయి కుండలు కాల్చే ఆవంలో పడుకో!" అనేవాడు. జనం గొల్లున నవ్వేవారు. మూడో చుట్టుకు విబూది పొడిగా నిలిచిందా, "కాలాడు! ఒళ్ళు కాలిన కుండైంది!" అని అరిచేవాడు. డోళ్ళు మోగేవి. వాడే వీరుడు.

ఆ వీరుల్లో చాలామంది అదే సాయంత్రం చచ్చిపోయేవారు. "దేవుడికి నచ్చాడు, తీసుకున్నాడు" అనేవాడు గురువు. కోట ముందు వాడి పేరున ఒక రాయి, వీరగల్లు, లేచేది. జనం దానికి దండం పెట్టి ఇళ్ళకు పోయేవారు.

కోట కింది పేటలో పుల్లమ్మ అని ఒక కుమ్మరి ఆడమనిషి ఉండేది. పేటలో ఎవరు పోయినా కర్మకు కుండ ఆమే ఇవ్వాలి. ముందటేడు ఒక వీరుడి శవం దగ్గరికి కుండ మోసుకెళ్ళింది. నిరుడు ఇంకొకడి దగ్గరికి మోసుకెళ్ళింది. శవానికి స్నానం చేయించినవాళ్ళు రెండుసార్లూ ఒకే మాట చెప్పారు. "ఒళ్ళు ఆవంలోంచి తీసినట్టుందే పుల్లమ్మా! పోయేముందు ఏవేవో పేలాడు. కన్నతల్లిని కూడా గుర్తుపట్టలేదు."

పుల్లమ్మ ఆ మాట మరిచిపోలేదు.

ఈ ఏడు పరుగుకు ఆమె తమ్ముడు ఓబులేసు పేరిచ్చాడు. తల్లి పోయాక అక్క చేతుల్లో పెరిగినవాడు. ఆమెకు లోకంలో ఉన్నది వాడొక్కడే.

"వద్దురా. అంత సరదాగా ఉంటే తెల్లారగట్ల పరుగెత్తు, నేనే వచ్చి చూస్తా" అంది పుల్లమ్మ.

"తెల్లారగట్ల కోడి కూడా పరుగెత్తుతుంది అక్కా! అందులో మగతనమేముంది? నువ్వు కుండల సంగతి చూసుకో. మనుషుల సంగతి గురువుగారికి తెలుసు."

పరుగు రోజు పొద్దున్నే ఆమె రెండు కుండల నిండా నీళ్ళు పోసింది. ఒకటి కొత్త కుండ. రెండోది ఏడేళ్ళు నూనె పోసి వాడిన పాత కుండ. కోట వాకిట గీసిన గీత పక్కన, తాటాకు గొడుగు కింద రెండూ పెట్టుకుని కూర్చుంది. పరుగు మొదలయ్యేలోగా వాటిని రాజుకు చూపి ఒక మాట చెప్పుకోవాలని ఆమె ఆశ. భటులు దగ్గరికి పోనివ్వలేదు.

మొదటి చుట్టు అయింది. ఓబులేసు నుదుట విబూది పాలలా కారింది. "పచ్చికుండ!" అని జనం నవ్వారు. "నవ్వితే నవ్వనీరా, ఒక్క గుక్క తాగు" అంది అక్క. వాడు మొహం తిప్పుకున్నాడు.

రెండో చుట్టు అయింది. విబూది సగమే తడిసింది. మొహం కందిపోయింది. కాళ్ళు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. "కూర్చోరా నా తండ్రీ, కూర్చో!" అని అరిచింది అక్క. "ఇంకొక్కటే..." అన్నాడు వాడు.

మూడో చుట్టు అయింది. వాడు గీత దాటి కూడా ఆగలేదు. నేరుగా పోయి గోడకు కొట్టుకుని తిరిగాడు. అక్కను చూసి, "అమ్మా, చలేస్తోందే" అన్నాడు.

గురువు అద్దిన విబూది రాతిమీద అద్దినట్టు నిలిచింది. "కాలాడు!"

డోళ్ళు మోగాయి. ఓబులేసు మోకాళ్ళమీద కూలాడు.

పుల్లమ్మ కొత్త కుండ ఎత్తుకుని ఉరికింది. భటులు బల్లేలు అడ్డం పెట్టారు. "ఏమే, చెయ్యి పోతుంది!" అని గద్దించాడు రుద్రప్ప.

"రెండూ నరుక్కోండి! ముందు నీళ్ళు పొయ్యనివ్వండి!"

రాజు చెయ్యెత్తాడు. డోళ్ళు ఆగాయి. చండభూపాలుడు చెడ్డవాడేం కాదు. తూచి చూడనిదే ఏ పనీ చేయని మనిషి. ఆ రోజు కొంప ముంచింది అదే.

"ఆచారం తప్పంటున్నావు. రుజువు చెయ్యి. చేస్తే నీళ్ళు పోద్దువుగాని."

"మాటలు తర్వాత ప్రభూ! నీళ్ళు ముందు!"

"రుజువు ముందు" అన్నాడు రాజు.

పుల్లమ్మ పళ్ళు బిగించింది. రెండు కుండలూ రాజు ముందు పెట్టింది. "గురువుగారు కాలిన కుండ అన్నారు. కుండల మాట నన్నడగండి. ఈ కొత్త కుండ కాలిందే, దీని ఒంటినిండా చెమట. ఇది నూనె తాగి రంధ్రాలు పూడిన కుండ, దీనికి చెమట పట్టదు. చెయ్యి పెట్టి చూడండి."

రాజు చెయ్యి పెట్టాడు. చెమట పట్టిన కుండలో నీళ్ళు చల్లగా ఉన్నాయి. పొడి కుండలో నీళ్ళు వేడిగా ఉన్నాయి.

గీత దగ్గర ఓబులేసు "అక్కా" అని పిలిచాడు.

"కుండ మట్టి, మనిషి మనిషి!" అన్నాడు రుద్రప్ప. "నేనెంచిన వీరులకూ దీని కుండలకూ పోలికా?"

"సరే, మనుషుల్నే చూద్దాం. మీరు పచ్చి అని తరిమినవాళ్ళు ఎక్కడున్నారు గురువుగారూ? పొలాల్లో ఉన్నారు, పిల్లల్ని ఎత్తుకుని తిరుగుతున్నారు. కాలారని పొగిడినవాళ్ళు ఎక్కడున్నారు? ఆ రాళ్ళ కింద!"

ఓబులేసు పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"మా తాతగారు పెట్టిన ఆచారమిది. ఆయనకు తెలియదంటావా?" అన్నాడు రాజు.

"మీ తాతగారు గొడుగు కింద కూర్చుని చూశారు ప్రభూ. పరుగెత్తలేదు." పుల్లమ్మ రుద్రప్ప పళ్ళెంలోంచి విబూది తీసి, ఎవరూ ఆపేలోగా రాజు నుదుట అద్దింది. వింజామరల మధ్య, గొడుగు నీడలో, ఆ విబూది కరిగి ముక్కుమీదికి కారింది. "ఇప్పుడు చెప్పండి. ప్రభువులు పచ్చివారా, కాలినవారా?"

జనంలో ఎవరూ నవ్వలేదు.

రాజు లేచి నిలబడ్డాడు. "గెలిచావు. పొయ్యి, నీళ్ళు పొయ్యి!"

పుల్లమ్మ పరుగెత్తింది. కుండ మొత్తం తమ్ముడి ఒంటిమీద వంచింది. పైటకొంగు తడిపి మెడకు చుట్టింది, చంకల్లో పెట్టింది, తాటాకు గొడుగుతో విసిరింది. ఒళ్ళు మెల్లగా చల్లబడింది. చల్లబడుతూనే పోయింది. ఓబులేసు కళ్ళు తెరవలేదు.

చుట్టూ నాలుగు వందలమంది నిలబడ్డారు. అందరి చేతుల్లో ఎండకు తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ చెంబులున్నాయి. అంతసేపూ ఒక్క చెయ్యి కదల్లేదు.

"అందరికన్నా పెద్ద వీరగల్లు ఎత్తిస్తాను" అన్నాడు రాజు.

"వాదం నేను గెలిచాను కదా ప్రభూ" అంది పుల్లమ్మ. "ఈ గెలుపు ఎవరి గొంతులో పొయ్యమంటారు?"



ఆ సాయంత్రం పుల్లమ్మ కర్మకుండను తన ఇంటికే మోసుకుంది.

మరుసటేడు పొద్దు పొడవకముందే పరుగు అయిపోయింది. దారిలో మూడు పందిళ్ళు వేశారు. ప్రతి పందిట్లో పుల్లమ్మ చేసిన కుండలు చెమటలు పడుతూ ఉన్నాయి. మూడో పందిట్లో రుద్రప్ప ముంత పట్టుకుని, వచ్చినవాడికల్లా తలవంచుకుని నీళ్ళు పోశాడు. ఆనాటి నుంచి ఎవరికి తల తిరిగినా, మాట తడబడినా, చెమట ఆగినా పదిమంది చేతులు వాణ్ణి నీడకు ఎత్తుకుపోయేవి. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు.

ఓబులేసు కోసం తెచ్చిన రాయిని చెక్కనివ్వలేదు పుల్లమ్మ. దాని మీద ఆ పాత నూనె కుండను బోర్లించి పెట్టింది, అంతే.

కాబట్టి పిల్లలూ, మీ ఒళ్ళు ఆగమన్నప్పుడు ఆగండి. ఎదుటివాడు సోలిపోతుంటే ముందు నీళ్ళు పొయ్యండి, న్యాయం తర్వాత తేల్చుకోండి.