పేరు చెప్పని ప్రశ్న

ఎవరైనా ప్రశ్న అడిగితే డాక్టరు కూర్మావతి గారు జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు తొడుక్కునేవారు. ఆ జిల్లా ఆసుపత్రి రక్తనిధికి పదహారేళ్ళుగా ఆవిడే పెద్ద. కొత్త డాక్టర్లకు రక్తం ఎక్కించడం నేర్పే పని కూడా ఆవిడదే. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఏదో ఒక వార్డుకు నడిచేవారు, జవాబు అక్కడ దొరికేది. మెట్లెక్కి దిగే ఓపిక లేక ప్రశ్నలే మానుకున్న డాక్టర్లు కొందరున్నారు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. నేనక్కడ రక్తం గ్రూపులు చూసే టెక్నీషియన్ని కనుక ఈ సంగతంతా దగ్గరుండి చూశాను.

ఆవిడ పక్కన నిలబడి చూసి, సరేనని సంతకం పెట్టేదాకా కొత్త డాక్టరెవరూ ఒంటరిగా రక్తం ఎక్కించకూడదన్నది అక్కడి నియమం. ఆ ఏడు చేరినవాళ్ళలో అందరికీ సంతకమైంది, ఒక్క ప్రద్యుమ్నకు కాలేదు. కుర్రాడు చురుకైనవాడు, పరీక్షల్లో మొదటివాడు. అందరికంటే వెనకబడటం అతనికి తల కొట్టేసినట్టుగా ఉండేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, నేను రక్తం సంచి ట్రేలో పెడుతుంటే, అతను ఉండబట్టలేక అడిగేశాడు.

"మేడమ్, గ్రూపు చూశాం. సంచిలోని రక్తం, రోగి రక్తం కలుస్తాయో లేదో చూశాం. సంచి మీది నంబర్లు ఇద్దరం చదివి సరిచూసుకున్నాం. ఇంత చేశాక మంచం దగ్గర మళ్ళీ పేరు అడగడం దేనికి? అది లాంఛనమే కదా?"

కూర్మావతి గారు చెప్పులు తొడుక్కున్నారు. ట్రే పట్టుకుని నేనూ వాళ్ళ వెంట నడిచాను.

ఆడవాళ్ళ వార్డులో ఏడో నంబరు మంచం. మంచానికి తగిలించిన కేసు షీటు మీద అప్పలనరసమ్మ అని ఉంది. గ్రూపు బీ. ఒంట్లో రక్తం తక్కువై ఆపరేషను రెండుసార్లు వాయిదా పడ్డ మనిషి. ఈ సంచి ఎక్కితేనే మర్నాడు ఆపరేషను. చేతికి పేరు పట్టీలు కట్టే పద్ధతి అప్పటికింకా మా దగ్గరకు రాలేదు. మంచం మీద నెరిసిన జుట్టుతో ఒకావిడ కూర్చుని ఉంది. చేతికి సెలైను సూది గుచ్చే ఉంది.

ప్రద్యుమ్న షీటు చూసి, చక్కగా వంగి, మర్యాదగా అడిగాడు.

"అప్పలనరసమ్మ గారేనా అమ్మా?"

"ఆఁ," అంది ఆవిడ.

అతను మేడమ్ వంక చూశాడు. అడిగాను కదా అన్నట్టుంది ఆ చూపు. సంచి స్టాండుకు తగిలించి, గొట్టం సూదికి కలిపి, రక్తం వదలడానికి గొట్టానికుండే చిన్న చక్రం మీద బొటనవేలు ఉంచాడు. కూర్మావతి గారు రెండు వేళ్ళతో గొట్టాన్ని నొక్కిపట్టారు. కేకలేమీ వేయలేదు.

"ఇంకోసారి అడుగు. ఈసారి పేరు నువ్వు చెప్పకు."

అతనికి చిరాకేసింది. ముసలమ్మ ముందు, పైగా నా ముందు. అయినా అడిగాడు.

"నీ పేరేంటమ్మా?"

"ఆఁ," అంది ఆవిడ.

ప్రద్యుమ్న చెయ్యి చక్రం మీదే ఆగిపోయింది. మన భాషలో ఆ చిన్న అక్షరానికి ఎన్ని అర్థాలున్నాయో మనమెవరం లెక్కచేయం. అవునన్నా ఆఁ, వింటున్నానన్నా ఆఁ, ఏమన్నావో వినబడలేదు నాయనా అన్నా ఆఁ. అతను ఆవిడ కుడివైపుకు వెళ్ళి, చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అడిగాడు.

"కన్నమ్మ బాబూ. బోనెల కన్నమ్మ," అంది ఆవిడ నవ్వుతూ. "నాకు ఎడం చెవి వినబడదు. ఇందాకట్నుంచి ఏటంతన్నావు?"

కన్నమ్మది పన్నెండో మంచం. వాంతులతో చేరింది. గ్రూపు ఓ. ఆ సంచిలోని బీ రక్తం కాస్త ఎక్కినా ఆవిడ ప్రాణం మీదికి వచ్చేది. ఏడో మంచం మీద నువ్వెందుకున్నావని మేడమ్ అడిగితే, అదో పెద్ద సంగతా అన్నట్టు చెప్పింది.

"ఆయమ్మకి గాలాడక పేణం పోతంది. ఈ మంచం మీద పంకా తిరగదు. బువ్వలయ్యాక, నా మంచం మీదికెల్లి తొంగోమన్నాను."

మంచాలు మారాయి, షీట్లు మారలేదు. తప్పు అనడానికి నోరు రాని తప్పు అది.

కూర్మావతి గారు అతను కలిపిన గొట్టాన్ని తీయించి, పారేయించి, కొత్తది తెమ్మన్నారు. పన్నెండో మంచం వైపు ఆవిడ ఒక్క అడుగు కూడా వేయలేదు, అక్కణ్ణుంచే చూస్తూ నిలబడ్డారు. సంచీ, ఏడో మంచం షీటూ తీసుకుని ప్రద్యుమ్నే వెళ్ళాడు. ముఖం పాలిపోయింది గాని నడక తడబడలేదు, అది నాకు నచ్చింది.

"అమ్మా, మీ పేరేమిటి?"

"అప్పలనరసమ్మ."

సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మా వైపు అరుదు. ఆ పేరుతో వార్డులో ఇంకొకరున్నా వింత లేదు. అందుకని అతను రెండో ప్రశ్న వేశాడు.

"మీ ఆయన పేరు?"

ఆవిడ అంత నీరసంలోనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన పేరు నాను చెప్పకూడదు బాబూ." అతను కదలకుండా నిలబడేసరికి జాలిపడి దారి చూపించింది. "అప్పన్న కొండ లేదూ, ఆ కొండ పేరే. నువ్వనీ, నాను తలూపుతాను."

చేతిలోని షీటు మీద భర్త పేరు సింహాచలం అని అతని కళ్ళ ముందే రాసి ఉంది. ఆ పేరు అతనంటే చాలు, ఆవిడ తలూపుతుంది, పని అయిపోతుంది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ప్రద్యుమ్న దాన్ని మింగేసి, వరండాలోకి వెళ్ళి, అక్కడ కూర్చున్న పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. మీ పేరేమిటి, ఈమె మీకేమవుతుంది, ఈమె పేరేమిటి అని మూడూ ఆయన చేతే చెప్పించాడు. పొద్దున నేను రక్తం నమూనా తీసినప్పుడు ఈవిడ తన మంచం మీదే ఉంది. అయినా అతను నన్ను వేలినుంచి రక్తపు చుక్క తీసి గ్రూపు మళ్ళీ చూడమన్నాడు. చూశాను, బీ వచ్చింది. అప్పుడు రక్తం వదిలి, మొదటి పావుగంట మంచం పక్కనే నిలబడ్డాడు. అప్పలనరసమ్మ పంకా కింద హాయిగా నిద్రపోయింది.

రక్తనిధికి తిరిగొచ్చాక కూర్మావతి గారు పొరపాట్ల రిజిస్టరు అతని ముందు పెట్టారు.

"ఎవరికీ ఏమీ జరగలేదు కదా మేడమ్?"

"అందుకే ఇప్పుడే రాయి. జరిగాక రాయాలంటే చెయ్యి ఆడదు."

అతను రాశాడు. మంచాలు మారిన సంగతి, పంకా సంగతి, చెవి సంగతి. చివరికి, ఏడో మంచం దగ్గర గొట్టం ఎందుకు కలిపాడో చెబుతూ, 'రోగి తన పేరు అప్పలనరసమ్మ అని చెప్పినందున' అని రాసి ఆవిడకు చూపించాడు.

"ఆ మాట కన్నమ్మ ఎప్పుడు చెప్పింది?" అన్నారు కూర్మావతి గారు.

ప్రద్యుమ్న ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకున్నాడు. తర్వాత దాన్ని కొట్టేసి, కింద ఇంకొకటి రాశాడు. 'ఆ పేరు ఆమె చెప్పలేదు. నేనే చెప్పాను.'

ఆవిడ అది చదివి, అతని సంతకాల కాగితం సొరుగులోంచి తీసి, తన సంతకం పెట్టి ఇచ్చారు. ఇవాళా ఇచ్చేది అన్నట్టు తెల్లబోయి చూశాడతను.

"ఇది రాయగలిగినవాడి పక్కన," అన్నారు ఆవిడ, "నేను నిలబడక్కర్లేదు."