రెండు మంచెల మీద ఇద్దరు రాజులు

ఎన్ని తరాల కిందటి మాటో చెప్పలేం గాని, మేరుపురమనే రాజ్యాన్ని ఉత్తుంగ భూపతి ఏలుతుండేవాడు. ఆయనకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు, ఎదురుగా ఎవరో ఒకరు ఉంటే చాలు.

ఆ ఊళ్ళో ఆయన తాతగారు పెట్టించిన విద్యాలయం ఒకటుండేది. అక్కడ మూడేళ్ళపాటు పరరాజ్య సంబంధాలు నేర్పేవారు. ఇరుగుపొరుగు దేశాల ఆచారాలు, సంధిపత్రం రాసే పద్ధతి, విందులో ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టకూడదు, ఎక్కడ నోరు మూసుకోవాలి, ఇవీ అక్కడి పాఠాలు. పడవ నడిపే సూరన కూతురు గంగసాని ఆ ఏడు పరీక్షల్లో అందరికన్నా ముందు నిలిచింది.

పట్టాలిచ్చే రోజున రాజే స్వయంగా వచ్చాడు. గంగసాని చేతికి పట్టా ఇవ్వబోయి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

“మూడేళ్ళూ ఏం చదివావమ్మాయీ?”

“పొరుగు రాజ్యాలతో ఎలా మెలగాలో చదివాను ప్రభూ.”

“అంటే పక్కింటివాళ్ళతో మాట్లాడటమేగా! మా వంటమనిషి గోడ మీంచి రోజూ మాట్లాడుతుంది. దానికి మూడేళ్ళెందుకు?”

సభ గొల్లుమంది. గంగసానికి చెవులు వేడెక్కాయి. ఎక్కడ నోరు మూసుకోవాలన్న పాఠమొక్కటే ఆమెకు సరిగా ఒంటబట్టలేదు.

“ఆ వంటమనిషి ఇంట్లో ఉప్పు నిండుకుంటే గోడ మీంచే అడిగి తెచ్చుకుంటుంది ప్రభూ. మన రాజ్యానికి ఆ భాగ్యం లేదు” అనేసింది.

సభలో నవ్వు టక్కున ఆగిపోయింది.

సంగతేమిటంటే, ఏటికి అవతల సిరివాడ రాజ్యం ఉంది. ఆ రాజు ప్రచండసేనుడు రాసిన ఒక జాబులో ఉత్తుంగ భూపతి పేరు ముందు ఏడు శ్రీలకు బదులు ఆరే ఉన్నాయి. రాజు మూడుసార్లు లెక్కపెట్టించి, రేవు మూయించాడు. మేరుపురానికి ఉప్పు వచ్చేదీ, సిరివాడకు తమలపాకులు వెళ్ళేదీ ఆ రేవు మీదుగానే. నాలుగు నెలలుగా ఇక్కడ చప్పిడి కూడు, అక్కడ పండని నోళ్ళు. సూరన పడవ ఒడ్డున బోర్లా పడి ఉంది. రాజు మాత్రం ఉప్పులేని పప్పు కలుపుకుని “అమృతం” అనేవాడు. పక్కన కూర్చున్నవాళ్ళు కూడా “అమృతం” అని తీరాలి.

“అయితే నీ చదువు మహిమ చూపించు” అన్నాడు రాజు పళ్ళు నూరుతూ. “సిరివాడ నుంచి ఉప్పు తెప్పించు. నేను క్షమాపణ చెప్పను. ఒక్క మెట్టు దిగను. వాడి గురించి ఒక్క మంచి మాట అనను. పౌర్ణమిలోగా ఉప్పు రాలేదా, ఈ విద్యాలయం గజశాల అవుతుంది. ఏనుగుల కింద ఊడ్చే పని నీది.”

గురువుగారు తల పట్టుకున్నారు. గంగసాని చేతులు జోడించింది.

“చిత్తం ప్రభూ. తమరు మంచి మాట అననే అక్కర్లేదు. ఏటి మధ్య ఇసుకతిన్నె మీదికి వచ్చి, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నోరారా తిట్టండి. చాలు.”

ఇంత మంచి సలహా రాజుకు ఏ మంత్రీ ఇవ్వలేదు. వెంటనే ఒప్పుకున్నాడు.

గంగసాని సిరివాడ వెళ్ళి ప్రచండసేనుడికి దణ్ణం పెట్టింది. “మా ప్రభువు గడప దాటి ఎవరికోసమూ రారు. తమరికోసం ఏటి మధ్యదాకా వస్తామన్నారు” అంది. అందులో అబద్ధం లేదు. ప్రచండసేనుడు మీసం దువ్వి సరేనన్నాడు.

తరువాత పేచీ ఆసనాల దగ్గర వచ్చింది. మేరుపురం వాళ్ళు సింహాసనం కింద అరుగు కట్టారని తెలిసి సిరివాడ వాళ్ళు మంచె కట్టారు. దాంతో ఇక్కడా మంచె లేచింది. వీళ్ళు రెండు బారలు పెంచితే వాళ్ళు మూడు బారలు పెంచారు. వద్దని చెప్పాల్సిన గంగసాని, “ఇంకో రెండు బారలు వేయిస్తే మేలేమో ప్రభూ” అని ఇక్కడా అంది, అక్కడా అంది. అంత ఎత్తు మంచెలు దగ్గరదగ్గరగా ఉంటే ఒకటి కూలి రెండోదాని మీద పడుతుందని వడ్రంగులు భయపడ్డారు. “అయితే దూరంగా కట్టండి. ఇంకా దూరంగా!” అంది.

ఆఖరికి ఇసుకతిన్నె ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి, తాడిచెట్లంత మంచెలు లేచాయి. వాటి మీద సింహాసనాలు, సింహాసనాల మీద రాజులు. ఒకరి కిరీటం ఒకరికి కనిపిస్తోంది. ఏటిగాలికి ఒక్క మాటా వినిపించడం లేదు.

“మధ్యవర్తిగా నేనున్నాను ప్రభూ!” అని గంగసాని కొంగు నడుముకు చుట్టి నిచ్చెన ఎక్కింది.

ఉత్తుంగ భూపతి ఊపిరి బిగపట్టి మొదలెట్టాడు. “వాణ్ణి తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదని చెప్పు!”

ఆమె దిగింది, ఇసుకలో నడిచింది, రెండో నిచ్చెన ఎక్కింది.

“మా ప్రభువుకు తమరిని తలుచుకుంటే అన్నం సహించడం లేదట.”

ప్రచండసేనుడు నోరు తెరిచాడు. తిట్లు కంఠతా పట్టుకొచ్చిన మనిషి, మొదటిది మింగేశాడు. కానీ పక్కనున్న దండనాయకుడు గుడ్లురుముతుంటే మళ్ళీ రోషం తెచ్చుకున్నాడు. “జన్మలో వాణ్ణి మరిచిపోనని చెప్పు! నా ఉప్పంతా వాడి పుండు మీదే చల్లుతానని చెప్పు!”

గంగసాని మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కింది. రొప్పుతూ చెప్పింది. “తమరిని జన్మలో మరిచిపోరట ప్రభూ. ఆయన ఉప్పంతా తమరికేనట.”

“అంతా నాకేనా?” అన్నాడు రాజు. పప్పు గుర్తొచ్చి గుటక వేశాడు. వెంటనే తమాయించుకుని గర్జించాడు. “భయపడ్డాడన్నమాట! వాడి నోరు ఎర్రబడేదాకా వదలనని చెప్పు!”

అవతలి మంచె ఎక్కేసరికి గంగసాని మోకాళ్ళు పట్టేశాయి. “తమరి నోరు ఎర్రబడేదాకా మా ప్రభువు వదలరట” అంది.

“తమలపాకులు పంపుతాడా!” అని ప్రచండసేనుడు లేచి నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే పెద్ద గాలి వీచింది. మంచెలు రెండూ ఊగాయి. రాజులిద్దరూ కిరీటాలు రెండు చేతులా పట్టుకుని నడుం వంచేశారు. ఎదుటివాడే ముందు వంగి నమస్కరించాడని ఎవరికి వారు ఇళ్ళకు వెళ్ళి చెప్పుకున్నారు.

మూడోనాడు, పౌర్ణమి ఇంకా రాకముందే, సిరివాడ పడవలు ఉప్పు బస్తాలతో రేవుకు చేరాయి. ఉత్తుంగ భూపతి రేవు తెరిపించి, తమలపాకుల కట్టలు ఎదురు పంపించాడు. వాటిని మోసుకుని అన్నిటికన్నా ముందు కదిలింది సూరన పడవ. ఆ పూట ఉప్పు వేసిన పప్పు తింటూ ఆయన “అమృతం” అనడం మరిచిపోయి, మూడుసార్లు మారు వడ్డించుకున్నాడు.

అయితే ఉప్పు పడవలతోపాటు ఒక జాబు కూడా వచ్చింది. “నన్ను తలుచుకుని తమరు అన్నం మానేశారని విని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను” అని ప్రచండసేనుడు రాశాడు. రాజు మొహం కందగడ్డ అయింది. గంగసానిని పిలిపించాడు.

“ఏం చెప్పావే వాడికి?”

“తమరు అన్నదే ప్రభూ.”

“నేను వాణ్ణి కొడతానన్నాను!”

“నోరు ఎర్రబడేదాకా వదలనన్నారు. దేనితో అన్నది సెలవివ్వలేదు.”

“మరి వాడు ఉప్పు పంపుతానన్నాడన్నావే?”

“తమరి పుండు మీద చల్లుతానన్నారు. తమరికి పుండు లేదని తెలుసు కనుక, ఆ ముక్క మోసుకుంటూ నిచ్చెన ఎక్కడం దండగనిపించింది.”

రాజు పెదవులు బిగించాడు, బుగ్గలు ఉబ్బించాడు, ఇక ఆపుకోలేక పగలబడి నవ్వాడు. ఆయన నవ్వగలడని సభికులకు ఆ రోజే తెలిసింది.

పట్టా ఇచ్చాడు, పట్టుబట్టలిచ్చాడు, గంగసానిని సిరివాడకు రాయబారిగా నియమించాడు. విద్యాలయానికి కొత్త పెంకులు వేయిస్తానన్నాడు. “ఇంకేం కావాలో కోరుకో” అన్నాడు.

“సిరివాడ నుంచి ఏటా ఇద్దరిని మన విద్యాలయంలో చేర్చుకోవాలి ప్రభూ.”

“శత్రువుకు మన విద్య నేర్పమంటావా? ఎందుకు?”

గంగసాని మోకాళ్ళు నిమురుకుంది. “మొన్న రెండు నిచ్చెనలూ నేనే ఎక్కాను ప్రభూ. అటువైపు కూడా ఒకరు చదువుకుంటే, నాకు ఒక్కటి ఎక్కితే సరిపోతుంది.”

ఉత్తుంగ భూపతి మళ్ళీ నవ్వాడు. నవ్వుతూనే రాజముద్ర తెప్పించి, ఆజ్ఞాపత్రం మీద ఒత్తాడు.