యల్లమంద ఊతపదం

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా పని చెప్పడం పేరయ్యగారి అలవాటు. అందుకే గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆయన ఆశ్రమంలో ప్రశ్నలు తక్కువగా పుట్టేవి. కామేశానికి మాత్రం ఆ జంకు లేదు. పాతికేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది వచ్చిన మనిషి. ఆశ్రమంలో చేరి ఏడాది కావస్తున్నా, ఎదుటివాడి మాటల్లో అక్కర్లేనిదాన్ని కొట్టేయాలనే దురద ఆయన్ని వదల్లేదు.

"గురువుగారూ, మనుషులు అర్థం పర్థం లేని మాటల్ని పట్టుకుని ఎందుకు వేలాడతారు?" అని ఒక సాయంత్రం అడిగాడు. "బావి పూడిక తీయడానికి వచ్చిన ఆ యల్లమందనే చూడండి. 'ఎండ మండిపోతోంది, అంతేగా మరి.' 'మజ్జిగ పుల్లగుంది, అంతేగా మరి.' పొద్దుటినుంచి నూటపదహారుసార్లు విన్నాను. ఇలాంటి ఊతపదాలు వాడకూడదని ఆశ్రమంలో ఒక నియమం పెట్టకూడదా?"

"రేపు పొద్దున బావి దగ్గరికి రా, పనుంది" అన్నారు పేరయ్యగారు.

మర్నాడు కామేశం వెళ్లేసరికి గురువుగారు ఇంకా రాలేదు. యల్లమంద నడుముకు మోకు బిగించుకుంటూ, "రాండి సామీ! చల్లపూట దిగితేనే పని, అంతేగా మరి" అని నవ్వాడు.

కామేశానికి ఒళ్లు మండింది. "నీకు దణ్ణం పెడతాను. ఆ ముక్క ఇంకోసారి నా చెవిన పడనీయకు. వింటుంటే కంపరమెత్తిపోతోంది."

యాభై దాటిన యల్లమంద చిన్నపిల్లాడిలా ముఖం ముడుచుకున్నాడు. "తప్పయింది సామీ. ఇంక అనను" అని లెంపలేసుకున్నాడు.

కాసేపటికి పేరయ్యగారు వచ్చారు. ఎనిమిది నిలువుల లోతుకు లాంతరు దింపి చూశారు. దీపం ఆరలేదు. యల్లమంద దిగాడు. గురువుగారు కామేశాన్ని బావి గట్టు మీద కూర్చోబెట్టి, "లోపలి మనిషి మాట వింటూ ఉండు. మాట ఆగితే కేకెయ్యి" అని చెప్పి తోటవైపు వెళ్లారు.

గిలక లాగేది యల్లమంద భార్య అంకమ్మ, ఆమె తమ్ముడు. పైకొచ్చిన బురద గంపను ఇద్దరూ మోసుకెళ్లి దూరంగా కుమ్మరించి రావాలి. మొదటి గంప ఎత్తబోతూ అంకమ్మ ఆగింది.

"సామీ, చెవి ఇటే పెట్టండి. పూడిక కదిలితే చెడ్డగాలి లేస్తది. మొదట ఎలిగిన దీపాన్ని నమ్మకూడదు. మా నాయన అట్టాగే పోయినాడు. మాట ఆగిందని పైనోళ్లు చూసుకోలా. అందుకే దిగినోడు నోరు మూయకూడదు. ఏం తోచకపోయినా ఈయన 'అంతేగా మరి' అంటానే ఉంటాడు. ఆ మాట ఇనపడినంతసేపూ నాకు గుండె నిబ్బరం."

"అమ్మా, నేనే వద్దన్నాను" అన్న మాట కామేశం నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గు దాన్ని దాటనీయలేదు. ఆమె వెళ్లిపోయింది. వేరే మాటలే లేవా ఏమిటి, అవి మాట్లాడతాడులే అని ఆయన తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

"సామీ, బురద గట్టిగుంది, అం..." అని లోపల్నుంచి వినబడి, తెగిపోయింది. కొంతసేపటికి "రాయి తగిలింది..." అన్నాడు. మళ్లీ చాలాసేపు పార చప్పుడే. తోక కోసిన మాట యల్లమంద నోట ముందుకు నడవలేదు. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. దాచడం దేనికి, కామేశానికి ప్రాణం లేచొచ్చినట్టయింది. గాలి చల్లగా తగులుతోంది, ఎక్కడో పిట్ట కూస్తోంది. కళ్లు మూసుకుని, ఎంత హాయిగా ఉంది అనుకున్నాడు.

అలా ఉండగానే చటుక్కున తట్టింది. పార చప్పుడు కూడా లేదు.

"యల్లమందా!"

బావి ఆయన కేకనే ఆయనకు తిరిగి ఇచ్చింది. తను వద్దన్నాడని ఊరుకున్నాడా? లేక... వంగి చూస్తే లోపల చీకటి తప్ప ఏమీ కనబడలేదు. "యల్లమందా! మాట్లాడవయ్యా! ఆ మాటే అను! అంతేగా మరి అను!" అని గొంతు చించుకుని అరిచాడు.

అంకమ్మ గంప వదిలేసి పరిగెత్తుకొచ్చింది. మోకు పట్టుకుంది. వెనకే వచ్చిన తమ్ముడితో కలిసి ముగ్గురూ లాగారు. తనంతట తాను పైకి రాలేని మనిషి ఎంత బరువుంటాడో కామేశానికి అప్పుడు తెలిసింది. అరచేతులు చీరుకుపోయాయి. కిందినుంచి ఒక్క మూలుగైనా రాలేదు.

తల వాలిపోయి, ఒళ్లంతా బురదై పైకొచ్చాడు యల్లమంద. గట్టు మీద పడుకోబెట్టారు. అంకమ్మ చెంపలు తడుతూ, "మాట్లాడు, మాట్లాడు" అంటోంది. తోటలోంచి పేరయ్యగారు పరుగున వచ్చారు. కామేశం ఆ పెదవుల వంకే చూస్తున్నాడు. ఆ చూడటం ఎంతసేపు సాగిందో ఆయనకు తెలియదు. చివరికి ఛాతీ ఒక్కసారి ఎగిరింది. దగ్గు వచ్చింది. కళ్లు తెరుచుకున్నాయి.

"గాలి తిరగబడింది... అంతేగా..." అన్నాడు యల్లమంద. అంతలో చూపు కామేశం మీద పడింది. మాట మింగేశాడు. "తప్పయింది సామీ. నోరు జారింది."

"అనవయ్యా, నీకు పుణ్యముంటుంది, అను!" అని కామేశం ఆ బురద కాళ్లు పట్టుకుని భోరుమన్నాడు. అంకమ్మ మొగుడి వంక చూసింది, కామేశం వంక చూసింది. ఆమెకు అర్థమైపోయింది. బావిలోకి తొంగిచూసినప్పటికన్నా ఆ చూపుకే ఆయన ఎక్కువ భయపడ్డాడు.

మధ్యాహ్నం డాక్టరు వచ్చి చూసి, గండం గడిచిందన్నాడు. అప్పుడు కామేశం జరిగిందంతా దాచకుండా గురువుగారితో చెప్పుకున్నాడు. ఆయన చీరుకుపోయిన ఆ అరచేతులకు వెన్న రాస్తూ కూర్చున్నారు.

"నేను ఎంతసేపు ఆలస్యం చేశానండీ?" అని అడిగాడు కామేశం.

"నీకు హాయిగా ఉన్నంతసేపు" అన్నారు పేరయ్యగారు.